పత్రహరితంలో 35వ కార్బన్

పత్రహరితం అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయి. తలలో నాలుగు నైట్రోజన్లు నాలుగు వైపుల నుంచి ఒక మెగ్నీషియం పరమాణువును పట్టుకుని ఉంటాయి. తోక పేరు ఫైటాల్, అందులో 20 కార్బన్ల గొలుసు. పత్రహరితం-ఎ మొత్తంలో 55 కార్బన్లు ఉంటాయి కాబట్టి తలకు మిగిలేవి 35. ఈ 35లో 34 ఒకే దారిన వచ్చి చేరతాయి. మిగిలిన ఒక్కటి వేరే దారిన, చివర్లో వస్తుంది. మొక్క పత్రహరితాన్ని దేనితో తయారు చేసుకుంటుందో తేల్చడానికి శాస్త్రజ్ఞులకు సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. ఆ కథలో ఈ ఒంటరి కార్బన్‌కు దాని బరువుకు మించిన పాత్ర ఉంది.

నేను ఖమ్మం జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పాను. కిరణజన్య సంయోగక్రియ అంటే పిల్లలు గడగడా అప్పజెప్పేవారు. సూర్యకాంతి, నీరు, కార్బన్ డయాక్సైడ్ అన్నీ వరసగా వచ్చేవి. అదంతా చేసిపెట్టే ఆ పచ్చరంగు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమైపోయేది. పాఠ్యపుస్తకంలో దానికి దొరికే చోటు ఒక బాణం గుర్తు, రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల వెనక ఎంతమంది జీవితాలు ఉన్నాయో పిల్లలకు చెప్పాలని నాకు ఎప్పుడూ ఉండేది. సిలబస్‌లో సమయం దొరికేది కాదు. అందుకే ఇప్పుడు తీరుబడిగా రాస్తున్నాను.

పత్రహరితం ఎలా ఉంటుందో ముందే తెలుసు. జ్యూరిక్‌లో రిచర్డ్ విల్‌స్టాటర్ ఎండబెట్టిన దురదగొండి జాతి ఆకుల నుంచి దాన్ని శుద్ధి చేసి తీశారు. అందులో మెగ్నీషియం ఉందని నిరూపించారు. 1915లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మ్యూనిక్‌లో హాన్స్ ఫిషర్ రక్తంలోని హీమ్ నిర్మాణాన్ని విప్పి 1930లో నోబెల్ అందుకున్నారు. ఆ తరువాత పదేళ్ళు పత్రహరితం మీదే కూర్చుని 1940 నాటికి దాని నిర్మాణమూ తేల్చారు. ఈ రెండూ ఒకే కుటుంబానికి చెందినవని అప్పటికే స్పష్టం. నాలుగు పైరోల్ వలయాలను కలిపి చేసిన పెద్ద వలయం రెండింటిలోనూ ఉంది. మధ్యలో ఇనుము కూర్చుంటే రక్తపు ఎరుపు, మెగ్నీషియం కూర్చుంటే ఆకు పచ్చ. ఎర్రరంగూ పచ్చరంగూ దాయాదులన్న ఆ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే విల్‌స్టాటర్, ఫిషర్ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఆకును నూరి, సారాయిలో కరిగించి, ఆమ్లాలతో ముక్కలు చేసి చూస్తే అణువు ఆకారం తెలుస్తుంది. బతికున్న ఆకు దాన్ని ఏ ముడిసరుకుతో, ఏ వరసలో కట్టిందో తెలియదు. ఆకులో వేలరకాల పదార్థాలున్నాయి. కార్బన్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏది ఎక్కడికి వెళ్ళిందో ఎలా కనిపెట్టడం? మందలో ఒక మేకకు రంగు పూసి వదిలితే సాయంత్రానికి అది ఎక్కడుందో కాపరికి తెలుస్తుంది. రసాయన శాస్త్రానికి ఆ రంగు ఐసోటోపుల రూపంలో దొరికింది. ఐసోటోపుకు బరువు వేరు, స్వభావం ఒకటే. జీవకణం దాన్ని వేరుగా చూడదు, మామూలు పరమాణువులాగే వాడుకుంటుంది. మన పరికరం మాత్రం గుర్తుపడుతుంది.

న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ యూరీ 1931లో బరువు హైడ్రోజన్‌ను, అంటే డ్యుటీరియంను, కనుగొన్నారు. 1933లో హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకుని రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే యువ వైద్యుడు అదే విశ్వవిద్యాలయానికి చేరాడు. యూరీ శిష్యుడు డేవిడ్ రిటెన్‌బర్గ్ ఆయనకు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి డ్యుటీరియం గుర్తున్న కొవ్వును ఎలుకలకు పెట్టారు. తరువాత యూరీ బృందం వేరుచేసి ఇచ్చిన నైట్రోజన్-15తో అమైనో ఆమ్లాలు తయారుచేసి పెట్టారు. కదలకుండా నిలవ ఉన్నట్టు కనిపించే శరీరం లోపల ప్రతిక్షణం పాతది పోయి కొత్తది వస్తోందని చూపించారు. 1941 సెప్టెంబరులో షోన్‌హైమర్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన ఉపన్యాసాల పుస్తకం మరుసటి ఏడు వెలువడింది. ఆయన పేరు మన విద్యార్థులకు తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఈ కథలో ఇకపై వచ్చే గుర్తు ప్రయోగాలకు మూలం అక్కడే ఉంది.

అదే బృందంలో డేవిడ్ షెమిన్ ఉన్నాడు. 1945లో ఆయన నైట్రోజన్-15 గుర్తున్న గ్లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మూడు రోజుల్లో 66 గ్రాములు తానే మింగాడు. నైట్రోజన్-15 రేడియోధార్మికం కాదు కనుక ప్రమాదం లేదు. ఆ తరువాత నెలల తరబడి తన రక్తం తీసుకుంటూ, అందులోంచి హీమ్‌ను వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూశాడు. హీమ్‌లో నైట్రోజన్-15 పెరిగింది, కొంతకాలం తగ్గకుండా నిలిచింది, సుమారు నాలుగు నెలల తరువాత పడిపోయింది. ఎర్రరక్తకణం మన శరీరంలో ఎన్నాళ్ళు బతుకుతుందో ఆ గీతే చెప్పింది. అది అనుకోకుండా దక్కిన ఫలితం. అసలు వెతికినది మరొకటి, అదీ దొరికింది. హీమ్‌లోని నైట్రోజన్ గ్లైసిన్ నుంచి వస్తోంది. 1946లో ఈ పరిశోధన అచ్చయింది.

నైట్రోజన్లు నాలుగే. కార్బన్ల సంగతి తేలాలంటే కార్బన్-14 కావాలి. దాన్ని బర్కిలీలో మార్టిన్ కేమెన్, సామ్ రూబెన్ 1940 ఫిబ్రవరిలో కనుగొన్నారు. యుద్ధం ముగిశాక, 1946 నుంచి, ఓక్ రిడ్జ్ రియాక్టరు దాన్ని ప్రయోగశాలలకు సరఫరా చేయసాగింది. షెమిన్ తన రక్తాన్ని వదిలి బాతు రక్తానికి మారాడు. మనుషుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు. బాతు ఎర్రకణాల్లో ఉంటుంది, ఆ కణాలు గాజుగొట్టంలో కూడా హీమ్ తయారు చేస్తాయి. ఆ రక్తానికి గుర్తున్న గ్లైసిన్, గుర్తున్న ఎసిటేట్ కలిపి, తయారైన హీమ్‌ను కార్బన్ తరవాత కార్బన్ చొప్పున విప్పాడు. ఇనుము తీసేసిన వలయంలో 34 కార్బన్లు. వాటిలో 8 గ్లైసిన్‌లోని రెండో కార్బన్ నుంచి వచ్చాయి. మిగతా 26 ఎసిటేట్ నుంచి, శ్వాసక్రియ చక్రంలోని సక్సినేట్ మీదుగా వచ్చాయి. గ్లైసిన్ మొదటి కార్బన్ ఒక్కటి కూడా లోపలికి చేరలేదు.

ఈ లెక్క చూసి 1953లో షెమిన్, ఆయనతో పనిచేసిన షార్లట్ రస్సెల్ ఒక మధ్యస్థ పదార్థాన్ని గుర్తించారు. లండన్‌లో న్యూబర్గర్, స్కాట్ కూడా అదే ఏడు విడిగా అక్కడికే చేరారు. ఆ పదార్థం డెల్టా-అమైనోలెవులినిక్ ఆమ్లం. ప్రయోగశాలల్లో దాన్ని ఏఎల్ఏ అంటారు, నేనూ అలాగే అంటాను. నాలుగు కార్బన్ల సక్సినేట్ ముక్క, గ్లైసిన్ కలుస్తాయి. గ్లైసిన్ మొదటి కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. అయిదు కార్బన్ల ఏఎల్ఏ మిగులుతుంది. అలాంటివి ఎనిమిది కలిస్తే నాలుగు పైరోల్ వలయాలు, అవి గొలుసై చుట్టుకుంటే పెద్ద వలయం. ఎనిమిది అయిదులు నలభై. దారిలో ఆరు కార్బన్లు రాలిపోతాయి. 34 మిగులుతాయి. తరగతిలో ఈ లెక్క బోర్డు మీద వేసేటప్పుడు సక్సినేట్ కార్బన్లకు తెల్ల సుద్దముక్క, గ్లైసిన్ కార్బన్‌కు ఎర్ర సుద్దముక్క వాడేదాన్ని.

ఇక ఆకు దగ్గరికి వద్దాం. న్యూయార్క్‌లోనే రాక్‌ఫెల్లర్ సంస్థలో సామ్ గ్రానిక్ ఉన్నాడు. ఆయన క్లోరెల్లా అనే ఏకకణ శైవలం మీద ఎక్స్-కిరణాలు వేసి, పచ్చబడలేకపోయిన రకాలను ఏరాడు. 1948లో రాసిన పరిశోధనల్లో ఒక రకం ఇనుమూ మెగ్నీషియమూ లేని ప్రోటోపార్ఫిరిన్ దగ్గర ఆగిపోయిందని, మరొకటి మెగ్నీషియం చేరిన తరువాతి మెట్టులో ఆగిపోయిందని చెప్పాడు. అంటే రక్తం దారి, ఆకు దారి ప్రోటోపార్ఫిరిన్ వరకూ ఒకటే, అక్కడ చీలతాయి. ఈ మాట నిజమే, ఈనాటికీ నిలబడింది. దాని మీద నిలబెట్టిన రెండో మాట దగ్గరే చిక్కు వచ్చింది. చీలిక వరకూ దారి ఒకటే అయితే మొదలూ ఒకటే అయి ఉండాలి, రక్తంలో ఏఎల్ఏ గ్లైసిన్‌తో తయారైతే ఆకులోనూ అంతే అని అనుకున్నారు. 1953లో డెల్లా రోసా, ఆల్ట్‌మన్, సాలమన్ కార్బన్-14 గ్లైసిన్‌ను, ఎసిటేట్‌ను క్లోరెల్లాకు ఇచ్చి చూశారు. పత్రహరితంలో గుర్తు కనిపించింది. ఇంక అనుమానం దేనికి?

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. నాకు ఈ ఇరవై ఏళ్ళే ముఖ్యం. వాటిలో పెద్ద సంఘటన ఏదీ లేదు. ఒక వెలితి మాత్రం ఉంది. గ్లైసిన్‌నూ సక్సినేట్‌నూ కలిపే ఎంజైము జంతువుల్లో సులువుగా దొరికింది. ఎరుపు-ఊదా రంగు కిరణజన్య బ్యాక్టీరియాలోనూ దొరికింది. పచ్చని ఆకులో ఎంత వెతికినా దొరకలేదు. ఆకు పిండినప్పుడు ఎంజైము చెడిపోతోందేమో, అడ్డుపడే పదార్థం ఏదో ఉందేమో అని సరిపెట్టుకున్నారు. దొరకకపోవడమే ఒక సమాధానం కావచ్చని అనుకోవడానికి సమయం పట్టింది.

ఆ తరువాతి ప్రయోగాలు అర్థం కావాలంటే చీకట్లో పెరిగిన మొలక సంగతి తెలియాలి. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు చల్లుతారు. ఆ పాలికలు గది మూల చీకట్లో ఉండిపోతే మొలకలు సన్నగా, పొడవుగా, పసుపు పచ్చగా సాగుతాయి. వెలుతురులో పెడితే కొన్ని గంటల్లో ఆకుపచ్చ తిరుగుతాయి. నేను విద్యార్థుల చేత మొక్కజొన్న గింజలు బీరువాలో మొలకెత్తించి ఇదే చేయించేదాన్ని. ఉదయం బయట పెట్టిన మొలకలు మధ్యాహ్నం భోజనం వేళకు రంగు మారి ఉంటే, అంతవరకూ రికార్డు రాసుకోవడానికే ల్యాబ్‌కు వచ్చే పిల్లలు కూడా వంగి చూసేవారు. చీకటి మొలకలో పత్రహరితానికి ముందు మెట్టు కొద్దిగా సిద్ధంగా ఉంటుంది. వెలుగు తగిలిన క్షణంలో ఆ కాస్తా మారిపోతుంది. ఆపైన మొక్క మొదటినుంచీ కొత్తగా కట్టుకోవాలి. అందువల్ల వెలుతురులో పెట్టిన తొలి గంటల్లో ఏఎల్ఏ తయారీ జోరుగా సాగుతుంది. దేనితో తయారవుతోందో చూడదలిస్తే అదే అదను.

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో శామ్యూల్ బీల్, పాల్ కాస్టెల్‌ఫ్రాంకో ఆ అదను పట్టుకున్నారు. ఏఎల్ఏ ఆకులో నిలవ ఉండదు, పుట్టిన వెంటనే తరువాతి మెట్టుకు వెళ్ళిపోతుంది. దాన్ని ఆపడానికి లెవులినిక్ ఆమ్లం వాడారు. అది ఏఎల్ఏను పోలి ఉంటుంది, అమైనో భాగం మాత్రం ఉండదు. తరువాతి ఎంజైము దాన్ని పట్టుకుని స్తంభించిపోతుంది. వెనక ఏఎల్ఏ పేరుకుంటుంది. చీకట్లో పెంచిన కీరదోస మొలకల బీజదళాలు కోసి, లెవులినిక్ ఆమ్లం ఉన్న ద్రవంలో వేసి, కార్బన్-14 గుర్తున్న ఒక్కొక్క పదార్థం విడివిడిగా ఇచ్చి, వెలుతురులో ఉంచి, పేరుకున్న ఏఎల్ఏను వేరుచేసి అందులో ఎంత గుర్తు చేరిందో కొలిచారు. బార్లీతోనూ చిక్కుడు జాతి మొలకలతోనూ ఇలాగే చేశారు. ఫలితాలు 1973, 1974లలో వచ్చాయి. గ్లైసిన్ నుంచి, సక్సినేట్ నుంచి వచ్చిన గుర్తు చాలా తక్కువ. గ్లూటమేట్ నుంచి, దాని దగ్గరి బంధువులైన గ్లూటమిన్, ఆల్ఫా-కీటోగ్లూటరేట్‌ల నుంచి బాగా వచ్చింది.

గ్లూటమేట్‌లో కార్బన్లు అయిదు. ఏఎల్ఏలోనూ అయిదే. లెక్క ఇంత సూటిగా కళ్ళముందే ఉంది. అయినా బీల్ తొందరపడలేదు, అందుకే నాకు ఆయనంటే గౌరవం. గ్లూటమేట్ నుంచి గుర్తు వచ్చినంత మాత్రాన గ్లూటమేట్ నేరుగా ఏఎల్ఏగా మారిందనలేం. మొక్కలో గ్లూటమేట్ శ్వాసక్రియ చక్రంలోకి దిగి సక్సినేట్‌గా మారగలదు. అక్కడినుంచి షెమిన్ చెప్పిన పాత దారిలోనే రాగలదు. గుర్తు ఉందని తెలిసింది. ఏ చోట కూర్చుందో తెలియాలి.

మా తరగతిలో వెనక బెంచీ అమ్మాయి ఇక్కడే లేచి అడిగింది. "మేడం, గ్లైసిన్ ఇస్తే పత్రహరితంలో కనబడింది, గ్లూటమేట్ ఇచ్చినా కనబడింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు కదా, ఎవర్ని నమ్మాలి?" అంత మంచి ప్రశ్న నేను పాఠం చెప్పిన కాలంలో ఎక్కువ వినలేదు. జవాబుగా 1975 ప్రయోగాన్ని బోర్డు మీద వేశాను.

ఆ ప్రయోగం రాక్‌ఫెల్లర్‌లో, గ్రానిక్ ప్రయోగశాలలోనే జరిగింది. చేసినవాళ్ళు బీల్, సైమన్ గఫ్, గ్రానిక్. మొక్క బార్లీ. గ్లూటమేట్ మొదటి కార్బన్‌కు మాత్రమే గుర్తు పెట్టారు. పాత దారిలో వెళితే గ్లూటమేట్ సక్సినేట్‌గా మారేటప్పుడు ఆ మొదటి కార్బనే కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. అంటే ఏఎల్ఏలో గుర్తు ఉండకూడదు. నేరుగా మారితే ఆ కార్బన్ ఏఎల్ఏలో అయిదో స్థానంలో కూర్చోవాలి. వచ్చిన ఏఎల్ఏను పెరయోడేట్‌తో కోశారు. అది ఏఎల్ఏను సరిగ్గా రెండు ముక్కలు చేస్తుంది. అయిదో కార్బన్ ఫార్మాల్డిహైడ్‌గా విడిపోతుంది, మొదటి నాలుగూ సక్సినిక్ ఆమ్లంగా మిగులుతాయి. గుర్తు ఫార్మాల్డిహైడ్‌లో ఉంది. గ్లూటమేట్ మూడు, నాలుగు కార్బన్లకు గుర్తు పెట్టినప్పుడు అది సక్సినిక్ ముక్కలోకి వెళ్ళింది. అయిదు కార్బన్ల అస్థిపంజరం విరగకుండా, చెదరకుండా మొత్తంగా ఏఎల్ఏ అయింది.

రక్తం దారినే ఆకుకూ ఊహించిన తరానికి చెందిన గ్రానిక్, ఆ ఊహను తిరగరాసిన పరిశోధన మీద తన పేరు పెట్టాడు. మరో రెండేళ్ళకు, 1977లో, కన్నుమూశాడు. శాస్త్రంలో ఇంతకంటే గొప్ప నిజాయితీ ఏముంటుందో నాకు తెలియదు.

అయినా కొందరు ఒప్పుకోలేదు. మొక్కలో రెండు దారులూ ఉన్నాయేమో, ఏది ఎంత అని అడిగారు. లెవులినిక్ ఆమ్లం మొక్కకు విషం కదా, విషం పెట్టి తీసిన సాక్ష్యం ఎంతవరకు నమ్మవచ్చని కూడా అడగవచ్చు. దానికి జవాబు కార్బన్-13తో వచ్చింది. ప్రకృతిలోని కార్బన్‌లో సుమారు నూటికి ఒకటి కార్బన్-13. దానికి రేడియోధార్మికత లేదు, కానీ అయస్కాంత క్షేత్రంలో స్పందిస్తుంది. ఆసుపత్రిలో ఎంఆర్ఐ తీసే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది, దాని పేరు ఎన్ఎంఆర్. అణువును ముక్కలు చేయనక్కరలేదు. ఒక్కొక్క స్థానంలోని కార్బన్ ఒక్కొక్క చోట విడి గీతగా కనిపిస్తుంది. గుర్తు ఏ స్థానంలో ఉందో గీత ఎత్తే చెబుతుంది. 1982లో జపాన్‌లో ఓ-హామా బృందం ఆకుపచ్చ శైవలంలో, 1983లో పోరా, క్లైన్, రైట్ ఉన్నతజాతి మొక్కల్లో ఇది చేసి చూపించారు. పూర్తిగా కట్టిన పత్రహరితంలోనే, విషం అవసరం లేకుండా, గ్లూటమేట్ మొదటి కార్బన్ తన స్థానాల్లో దర్జాగా కూర్చుని కనిపించింది.

మరి గ్లైసిన్ గుర్తు? దాన్నీ ఇచ్చి చూశారు. వలయంలో అది ఉండాల్సిన ఎనిమిది చోట్ల పెరుగుదల లేదు. పెరిగింది ఒకేచోట. వలయం అంచున ఒక ఆమ్ల భాగానికి మూత వేసినట్టున్న మిథైల్ ఎస్టర్ దగ్గర. అదే 35వ కార్బన్.

ఇది ఎలా జరిగిందన్నదానికి జవాబు ఆకు జీవితంలోనే ఉంది. పగటివేళ ఆకులో గ్లైసిన్ పుష్కలంగా పుడుతుంది. మైటోకాండ్రియాలో అది సెరీన్‌గా మారేటప్పుడు దాని రెండో కార్బన్ ఒంటరిగా ఫోలేట్ అనే మోతగాడి చేతికి వస్తుంది. అక్కడినుంచి మెథియొనిన్‌కు, దాన్నుంచి తయారయ్యే ఎడినోసిల్‌మెథియొనిన్‌కు చేరుతుంది. మెగ్నీషియం చేరిన వలయానికి మిథైల్ మూత పెట్టే ఎంజైము ఆ కార్బన్‌ను అక్కడినుంచే తీసుకుంటుంది. గ్లైసిన్ పత్రహరితంలోకి వచ్చిన మాట నిజమే. గోడ కట్టడానికి రాలేదు. గోడ పూర్తయ్యాక ఒక్క రాయి అంచున చేరింది. మొత్తం అణువులో గుర్తు ఉందా లేదా అని మాత్రమే కొలిస్తే ఆ ఒక్క కార్బన్ కూడా "ఉంది" అనే చెబుతుంది. వెనక బెంచీ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదే.

షెమిన్ పొరబడ్డాడని కొన్నిచోట్ల చదివాను. అది న్యాయం కాదు. ఆయన కొలిచింది రక్తం, రక్తం గురించి ఆయన చెప్పిన ప్రతి అక్షరం నిలిచింది. జంతువుల్లో, శిలీంధ్రాల్లో, కొన్ని బ్యాక్టీరియాల్లో ఆ దారే ఉంది. మొక్కలు, శైవలాలు, చాలా బ్యాక్టీరియాలు మాత్రం గ్లూటమేట్ దారిన పోతాయి. మనకు ముందుగా దొరికింది తక్కువ జీవులు నడిచే దారి. మన శరీరం అటువైపు ఉంది కాబట్టి అదే అందరి దారి అనిపించింది.

రెండు దారులూ ఒకే కణంలో ఉన్న జీవి కూడా ఉంది. యూగ్లీనా గురించి మన విద్యార్థులంతా ఇంటర్మీడియట్‌లోనే చదువుతారు. మొక్కా జంతువా అని పరీక్షలో అడిగే ప్రాణి అది. 1983లో వైన్‌స్టీన్, బీల్ దానికి ఒకసారి గుర్తున్న గ్లైసిన్, ఒకసారి గుర్తున్న గ్లూటమేట్ ఇచ్చారు. పత్రహరితంలోకి గ్లూటమేట్ వెళ్ళింది. మైటోకాండ్రియాలోని హీమ్-ఎలోకి గ్లైసిన్ వెళ్ళింది. ఒకే కణంలో, కొన్ని మైక్రాన్ల దూరంలో, ఒకే రకం వలయాన్ని రెండు ఇళ్ళు రెండు ముడిసరుకులతో కడుతున్నాయి. నా మటుకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే అందమైన ప్రయోగం ఇది.

గ్లూటమేట్ ఏఎల్ఏగా ఎలా మారుతుందన్నది కోపెన్‌హాగన్‌లో తేలింది. బీరు కంపెనీ సొమ్ముతో పుట్టిన కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో బార్లీ మీద తరతరాలుగా పని జరుగుతోంది. అక్కడ కన్నంగర, గఫ్ బార్లీ హరితరేణువుల రసంతో గుర్తున్న గ్లూటమేట్‌ను ఏఎల్ఏగా మార్చి చూపారు. రసంలో ఆర్ఎన్ఏను నాశనం చేస్తే పని ఆగిపోయింది. 1986లో యేల్ విశ్వవిద్యాలయంలోని డీటర్ సోల్ బృందంతో కలిసి ఆ ఆర్ఎన్ఏ ఏదో తేల్చారు. అది ప్రోటీన్ తయారీలో గ్లూటమేట్‌ను మోసుకెళ్ళే బదిలీ ఆర్ఎన్ఏ. ప్రోటీన్ కోసం ఉన్న మోతగాడే రంగు తయారీలో తొలి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇలాంటిది ఉంటుందని ఎవరూ ఊహించలేదు.

కార్బన్లు, నైట్రోజన్లు తేలాక ఆక్సిజన్లు మిగిలాయి. పత్రహరితం-ఎ లోని ఒక మిథైల్ భాగం ఫార్మైల్‌గా మారితే పత్రహరితం-బి అవుతుంది. ఆ ఫార్మైల్‌లోని ఆక్సిజన్ గాలి నుంచి వచ్చిందా, నీటి నుంచి వచ్చిందా? 1992లో ష్నీగర్ట్, బీల్ ఆక్సిజన్-18 ఉన్న గాలిలో క్లోరెల్లాను పెంచి అది గాలిదేనని చూపించారు. నాలుగు పైరోల్ వలయాలకు తోడుగా పత్రహరితంలో ఉండే అయిదో వలయంలోని ఆక్సిజన్ కూడా గాలిదేనని 1989లోనే కాస్టెల్‌ఫ్రాంకో, ఆయన సహచరులు కీరదోసలో తేల్చారు. గాలి తగలని చోట బతికే ఊదారంగు బ్యాక్టీరియాలో అదే ఆక్సిజన్ నీటి నుంచి వస్తుందని తరువాత పోరా బృందం గుర్తించింది. భూమి మీద గాలిలో ఆక్సిజన్ చేరకముందు ఈ వలయం ఎలా కట్టుకునేదో ఆ బ్యాక్టీరియా ఇంకా గుర్తుపెట్టుకున్నట్టుంది.

ఇలాంటి బరువు ఐసోటోపుల మాట వచ్చినప్పుడల్లా నాకు గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరు గుర్తొస్తుంది. అక్కడి భారజల కర్మాగారం 1991 నుంచి డ్యుటీరియం నీటిని తయారు చేస్తోంది. ఇప్పుడు అక్కడే ఆక్సిజన్-18 నీటినీ వేరు చేస్తున్నారు. దాన్ని ఎక్కువగా క్యాన్సర్ స్కానింగులకు కావలసిన ఫ్లోరిన్-18 కోసం వాడతారు. నా విద్యార్థుల ఇళ్ళలో కొందరికి ఆ కర్మాగారం అంటే ఉద్యోగాలు, క్వార్టర్లు, రాత్రి షిఫ్టులు. యూరీ 1931లో కనుగొన్న సరుకూ, పత్రహరితం ఆక్సిజన్ల గుట్టు విప్పిన సరుకూ తమ దగ్గర్లోనే తయారవుతున్నాయని చెబితే వాళ్ళ ముఖాలు వెలిగేవి. ఆ కర్మాగారం చూపించడానికి విద్యార్థులను బస్సులో తీసుకెళ్ళే కళాశాలలు ఇంకా ఎక్కువ కావాలని నా కోరిక.

పని ఇంకా సాగుతోంది. ముదిరిన ఆకులో పత్రహరితం ఒకసారి కట్టాక ఆకు రాలేదాకా అలాగే ఉంటుందా? 2010లో బైజెల్, ఆయన సహచరులు అరాబిడాప్సిస్ మొక్కల పూర్తిగా పెరిగిన ఆకులకు కొద్దిసేపు కార్బన్-14 డయాక్సైడ్ ఇచ్చి చూశారు. గుర్తు పత్రహరితం-ఎలోనూ కెరోటిన్లలోనూ త్వరగా చేరింది. కొత్త ఆకులేవీ పుట్టకపోయినా, పచ్చదనం ఏమాత్రం పెరగకపోయినా, పాత అణువులు విరిగి కొత్తవి కట్టుకుంటున్నాయి. షోన్‌హైమర్ ఎలుకల్లో చూసింది ఆకులోనూ నిజమైంది. పత్రహరితం-బిలో మాత్రం గుర్తు దాదాపు కనిపించలేదు. ఒకే ఆకులో, ఒకే హరితరేణువులో, ఎ అంత చురుకుగా మారుతుంటే బి ఎందుకంత నిలకడగా ఉంటుందో విద్యార్థులు ఎవరైనా అడగదలిస్తే, ఇప్పటి ప్రయోగశాలల్లో ఆ ప్రశ్నకు చోటుంది.